చుట్టిపెట్టిన దారి

కోర్టువారు తన పొలం దారిని చాపలా చుట్టి రికార్డు గదిలో పెట్టుకున్న నాటినుంచి ఓబులేసుకు ఒకటే సందేహం: రోజూ నడవబోయే ముందు దారికి దండం పెట్టాలా, దాన్ని పరిచే గుమాస్తాకు పెట్టాలా? ఇరవై ఒక్క ఏళ్లుగా ఇద్దరికీ పెడుతూ వచ్చాడు.

ఆ దారి పక్కచేని మద్దిలేటి పొలంలోంచి పోయేది. నూట పన్నెండు అడుగుల పొడవు, బండి పట్టేంత వెడల్పు. తాతల కాలంనుంచి నడుస్తున్నదే కానీ కాగితం లేదు. మద్దిలేటి కంప అడ్డం వేశాడు, ఓబులేసు దావా వేశాడు. తగువు తేలేదాకా దారి ఎవరి చేతిలోనూ ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు అమలుచేసే కోర్టు అమీను ఇద్దరు కూలీలతో వచ్చి, దారిని మట్టితో సహా చుట్టించి, మీద పడిన వేపచెట్టు నీడ జారిపోకుండా పురికొసతో కట్టి, బస్సు మీద వేసుకుపోయాడు. ఆ మేర నేల లేకుండా పోయి మద్దిలేటి పొలం రెండు ముక్కలైంది. దారి కోసం కోర్టును అడగనని పంతం పట్టి అతడు అవతలి ముక్కను బీడు పెట్టాడు.

సాగు ఆగరాదని కోర్టువారే ఒక వెసులుబాటు కల్పించారు. ఓబులేసు పట్నం వచ్చి దరఖాస్తు ఇస్తే, గుమాస్తా దస్తగిరి వరండాలో దారి పరుస్తాడు. ఈ కొసన ఎక్కితే ఆ కొసన తన కందిచేలో దిగవచ్చు. ఐదు లోపల తిరిగి రావాలి. ఎద్దులకు వేరే దరఖాస్తు.

కోర్టు సిబ్బంది మధ్యాహ్నం దారి మీది వేపనీడలోనే సద్దులు విప్పేవారు. తిన్నాక ఆ కొసదాకా నడిచి, నాలుగు పచ్చి కందికాయలు తెంపుకొచ్చేవారు.

ఓబులేసు మనసులో ఇంకో ముల్లు ఉండేది. దావాకు ముందటి ఏడు మద్దిలేటి దగ్గర శేరు కంది విత్తనాలు బదులు తెచ్చుకున్నాడు. ఇప్పుడిస్తే రాజీ పడ్డట్టవుతుందని వకీలు వద్దన్నాడు. అప్పు తీర్చకుండా పోతే వచ్చే జన్మలో వాళ్లింట ఎద్దై పుట్టాల్సి వస్తుందని ఓబులేసు భయం.

ఈసారి కంది ఎండి చేలో గలగలమంటోంది. సోమవారం నుంచి కోర్టుకు పది రోజులు సెలవులు. అంతలో దారి చేతికి రాకపోతే కాయ చిట్లి పంటంతా నేలపాలే. శుక్రవారం తీర్పు చెప్పారు.

ఇరవై ఏళ్లు ఎవరినీ అడగకుండా, ఎవరూ అడ్డు చెప్పకుండా నడిచినవారికే దారి హక్కు. తాతల నడకకు కాగితం లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. వాది రోజూ అనుమతి అడిగి నడిచాడు కాబట్టి అతడికి హక్కు పుట్టలేదు. ప్రతివాది నడవనే లేదు. అడగకుండా నడిచింది కోర్టు సిబ్బంది కాబట్టి దారి వారిది.

"అడగడం తప్పా సారూ?" అన్నాడు ఓబులేసు.

"తప్పని ఎవరన్నారు?" అన్నాడు వకీలు. "అడక్కుండా ఉండాల్సింది, అంతే."

వరండాలో మద్దిలేటి తెల్లకాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం అల్లుడా, గెలిచినావా?"

"నువ్వు గెలిచినావేమో అనుకుంటి మామా."

"నాకు యాడిది? అవతలి ముక్క మొగం సూసి ఇరవై ఏండ్లాయె. కాగితం ఎట్ల రాయాలబ్బీ?"

"దయచేసి అని మొదలుపెట్టు."

దస్తగిరి తలెత్తకుండానే కేకేశాడు. "ఒక్కొక్కరే రావాల. సెలవుల్లో దారి పరిచేది ల్యా. ఏం కోసుకుంటారో రేపటి లోపల కోసుకోండి!"

ఓబులేసు చేతులు జోడించాడు. ఈసారి దస్తగిరికి ఒక్కడికే. సందేహం తీరింది.

తర్వాత సంచిలోంచి మూట తీసి మద్దిలేటి తువ్వాలలో పోశాడు.

"ఏం కందులు ఇవి?"

"ఆ ఏడు బదులు తెచ్చుకున్నెవి. కేసు అయిపాయె, ఇంగ వద్దనేవాళ్లు ల్యారు."

మద్దిలేటి గింజలు చేత్తో కదిపి చూశాడు. "శేరు మీద పిడికెడు ఎక్కువే ఉండాయే!"

"ఎద్దుగా పుట్టేదానికి నాకు ఓపిక ల్యా మామా. దానికి మళ్లా వేరే కాగితం."

మద్దిలేటి తలాడించి, తువ్వాలు ముడివేసుకుని, ఓబులేసు వెనక వరుసలో నిలబడ్డాడు.