హంస రాయి, ఒంటె రాయి

సికింద్రాబాద్ ప్రాచీన సానరాళ్ల సంఘం వార్షికోత్సవం గత ఆదివారం బోయిగూడలో ఎలాంటి పదునైన సంఘటనా లేకుండా జయప్రదంగా ముగిసిందని పత్రికలకు పంపిన ప్రకటనలో ఉంది. ఏ పత్రికా దాన్ని వేసుకోలేదు గనక జరిగింది చెప్పే భారం మన మీద పడింది.

ఈ సంఘం గురించి తెలియనివారు ఉండరు గానీ, ఉంటే గింటే వారి కోసం నాలుగు ముక్కలు. పూర్వం గడ్డం గీసే కత్తులు నూరుకోవడానికి అరచేతిలో ఇమిడే సానరాళ్లు అమ్మేవారు. ఒక్కో కంపెనీ ఒక్కో బొమ్మ కాగితం అంటించి అమ్మేది. హంస, ఒంటె, కిరీటం, ఏనుగు, అలాగన్నమాట. ఆ పాత రాళ్లను సంపాదించి, ఏ బొమ్మ రాయి ఏ బొమ్మ రాయికంటే ఎంత గొప్పదో తేల్చడమే సంఘం ఆశయం. సభ్యులు నూరుమంది; నూరేవాడు ఒక్కడూ లేడు. కత్తి తగిలితే రాయి అరుగుతుంది, అరిగితే ఘనత తరుగుతుంది. కాబట్టి రాతికి ఇనుము తగలనీయరాదన్నది సంఘం మొదటి నిబంధన. మరి పోల్చడమెలా? గోటితో మీటి నాదం వింటారు. చెంపకు ఆనించి చల్లదనం చూస్తారు. వాసన పీలుస్తారు. బాగా అనుభవజ్ఞులైతే నాలుక చివర తాకించి రాయి వయసు చెబుతారు. గడ్డం మాత్రం అందరూ గీసి పారేసే ప్లాస్టిక్ రేజరుతోనే గీసుకుంటారు.

ఈ అనుభవజ్ఞులలో అగ్రగణ్యులు రిచర్డ్ గారు. హెడ్ గుమాస్తాగా రిటైరైన నాటి నుంచి ఆయన గదిలోకి వస్తే లేచి నిలబడేవాళ్లు లేకుండా పోయారు. ఇంట్లో భార్య రోసమ్మ లేవదు సరికదా, కాళ్లు కూడా ముడుచుకోదు. అందుకని ఆయన కళ్లన్నీ సంఘం శాశ్వతాధ్యక్ష పదవి మీద పడ్డాయి. శాశ్వతాధ్యక్షుడు వస్తే సభ యావత్తూ లేవాలన్నది రెండో నిబంధన. ఈ ఏడు ఎవరి రాయి శ్రేష్ఠమని తేలితే ఆ పదవి వారిది.

పోటీలో చివరికి రెండే రాళ్లు మిగిలాయి. రిచర్డ్ గారి హంస, మోండా మార్కెట్‌లో టోపీల దుకాణం నడిపే తాజుద్దీన్ గారి ఒంటె. హంస రాయి పాలమీగడలా నునుపనీ, కళ్లకు గంతలు కట్టినా వాసనతో పోల్చుకోగలననీ రిచర్డ్ గారు ఉపన్యసించని సభ లేదు. ఒంటె రాయిలో ఎడారి ఇసుక ఉందనీ, అది బద్ధకస్తులకు అర్థం కాదనీ తాజుద్దీన్ గారి వాదం. ఈ సిద్ధాంత విభేదం వల్ల పాతికేళ్ల స్నేహితులు ఇప్పుడు ఒకే ఇరానీ హోటల్లో రెండు బల్లల దగ్గర వీపులానించుకుని టీ తాగుతున్నారు.

తుది నిర్ణయానికి ముందు రాళ్లకు పన్నీటి స్నానం చేయించడం సంఘం ఆచారం. ముఖ్య అతిథి వాటిని గిన్నెలో ముంచి, రెండు మాటలు చెప్పి, తీసి తుడవాలి. అతిథికి సానరాళ్ల గురించి ఏమీ తెలిసి ఉండకూడదు. తెలిస్తే పక్షపాతం వస్తుంది. ఈసారి అన్ని విధాలా అర్హులైన బోయిన్‌పల్లి ఉల్లిగడ్డల టోకు వర్తకులు కామరాజు గారు దొరికారు. ఆయన రాళ్లను ముంచి మైకు అందుకున్నారు.

"మనిషి అంటే ఏందీ? సానరాయి! సంసారమంటే ఏందీ? సానరాయి! జెర ఆలోచన చేస్తే, ఉల్లిగడ్డ సుత సానరాయే!"

చప్పట్లు మోగాయి. చప్పట్లు వక్తకు ఎరువు. ఆయన ఉల్లి నుంచి వెల్లుల్లికీ, అక్కడి నుంచి దేశభక్తికీ వెళ్లి తిరిగొచ్చేసరికి భోజనాలు చల్లారాయి, గిన్నెలో జిగురు కరిగింది. కార్యదర్శి ప్రిసిల్లా తొంగి చూసి కెవ్వుమంది. కాగితం హంసా, కాగితం ఒంటే పన్నీటి మీద పక్కపక్కనే తేలుతున్నాయి. హంసకు ఈత కొత్త కాదు. ఒంటె కూడా ఈదడం సభ్యులను ఆశ్చర్యపరిచింది.

అడుగున రెండు రాళ్లున్నాయి. ఒకే రంగు, ఒకే కొలత. కాగితం ఊడిన చోట రెంటి మీదా ఒకే కర్మాగారం ముద్ర. ఒకడే తయారుచేసి రెండు కంపెనీలకూ అమ్మాడన్న నీచమైన అనుమానం సభలో ఒక్కరికీ రాకపోవడం సంఘం క్రమశిక్షణకు నిదర్శనం.

"సార్, మీది మీరు తీసేస్కోండి," అంది ప్రిసిల్లా, తువ్వాలు మీద రెండూ పరచి.

రిచర్డ్ గారు వంగి రెంటినీ దగ్గరకు తీసుకున్నారు. వాసన చూశారు. రెండూ పన్నీటి వాసనే. నాలుక తాకించారు. పన్నీరే. మీటారు. రెండూ ఠంగుమన్నాయి.

"పెద్దవారు, ముందు మీరు తీసుకోండి తాజుద్దీన్ భాయ్," అన్నారు ఎన్నడూ లేని వినయంతో.

"అరె నహీ రిచర్డ్ భాయ్! మీది హంస గదా, పాలు నీళ్లు అలగ్ చేస్తది. రెండు రాళ్లు అలగ్ చేస్తలేదా?"

ముందు వరుసలోంచి రోసమ్మ గొంతు లేచింది. "ఏమండీ, ఇన్నేళ్లు పక్కలో పెట్టుకు పడుకున్నారు కదా! మీదేదో మీకు తెలీదా? నన్ను కూడా నా కళ్లజోడు లేకపోతే గుర్తుపట్టరేమో!"

సభ నవ్వింది. పదవి చేజారేలా ఉంది. రిచర్డ్ గారు కళ్లు మూసుకుని ఎడమ వైపు రాయి లటుక్కున అందుకున్నారు. తాజుద్దీన్ గారూ సరిగ్గా అదే అందుకున్నారు. "నాది!" "మేరా హై!" అంటూ కాసేపు పెనుగులాడి, ఒకవేళ రెండోదే తమదేమోనని భయమేసి, ఇద్దరూ ఒకేసారి దాన్ని వదిలేసి రెండో దాని మీద పడ్డారు.

ప్రిసిల్లా సమయస్ఫూర్తి సంఘాన్ని కాపాడింది. కాగితాలను ఫ్యాను కింద ఆరబెట్టింది. మైదా జిగురు కలిపించింది. ఏది దేనికంటించాలో తేల్చే పని నిష్పక్షపాతి అయిన కామరాజు గారికే అప్పగిస్తే, ఆయన కళ్లు మూసుకుని అంటించారు.

హంస బొమ్మ కనబడగానే రిచర్డ్ గారు ఆ రాయిని చెంపకు ఆనించుకున్నారు. "ఇదే! ఈ మీగడ నునుపు ఇంకే రాయికుంది?" ఆయన కళ్లు చెమర్చాయి.

"నా ఒంటే!" అని తాజుద్దీన్ గారు రెండో రాయిని ముద్దు పెట్టుకున్నారు. "ఎంత పరేషాన్ చేసినవే నన్ను!"

తర్వాత సభ్యులు వరసగా వచ్చి రెండూ మీటి చూసి, హంస నాదమే స్వచ్ఛమని అత్యధిక మెజారిటీతో తేల్చారు. ఒంటె పక్షం వారు అక్కడికక్కడే రాజీనామా చేసి మరో సంఘం షురూ చేశారు. రిచర్డ్ గారు వేదికెక్కగా సభ యావత్తూ లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పి మరిచి రోసమ్మ కూడా లేచింది. ఆ క్షణంలో ఆయన బొటనవేలు రాయి అంచు మీద ఎందుకో ఒకసారి ఆగింది. ఆయన కాగితం వైపు చూశారు. హంస ఉంది. వేలు నెమ్మదించింది.

అంతా విన్నాక మీరొకటి అడగాలని తటపటాయిస్తున్నారు, నాకు తెలుసు. అసలు రిచర్డ్ గారి రాయి చివరికి ఆయన ఇంటికే వెళ్లిందా, తాజుద్దీన్ గారి ఇంటికి వెళ్లిందా అని కదూ?

రండి. హంస సంఘంలో చేరతారో, ఒంటె సంఘంలో చేరతారో మీ ఇష్టం. రెంటికీ మీరు అర్హులే.