మోకాటి లోతు తగ్గని వరద

ఆగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. ప్రకృతి వైపరీత్యానికి పేదా గొప్పా తేడా తెలియదు. ఆ లోటు పూడ్చడానికే ప్రభుత్వం ఒక శాఖను పెట్టింది.

పోయిన ఆశ్వయుజంలో నాలుగు రోజులు ఆగకుండా వాన కొట్టింది. ఆదోనిలో ఒక పత్తి సేటు గోదాములో రెండు బేళ్లు చెమ్మగిల్లాయి. ఎమ్మిగనూరులో నేతగాడు మాబు సాబ్ ఇంట్లో మగ్గం గుంత నిండిపోయింది. (నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంత. నీళ్లున్నా కూర్చోవచ్చు, నేయడమే కుదరదు.) ముంపు నిర్ధారణ విభాగం ఇద్దరికీ ఒకే నిబంధన చదివింది: టెలిఫోను ఉన్నవారి నష్టానికి వారి మాట చాలు, లేనివారు నీళ్లు చూపించాలి, తనిఖీ నాటికి మోకాటి లోతు తగ్గకుండా.

సేటు ఇంటికి వాన వెలిసిన సాయంత్రమే జీపు వచ్చింది. గోదాము దాకా నడిస్తే బూట్లు తడుస్తాయని అధికారి నష్టాన్ని సోఫాలోనే నిర్ధారించాడు.

మాబు సాబ్ ఇంటికి ఆ విభాగం గుమాస్తా జయన్న వచ్చి, నీళ్లు తోడితే కొత్త మగ్గం రాదని చెప్పి పోయాడు. పాత మగ్గం చెక్కలు అప్పటికే నాని ఉబ్బాయి. కొత్తది రాకపోతే ఇక ఎప్పటికీ కూలిపనే. కాబట్టి తోడలేదు. అధికారీ రాలేదు. పదో రోజుకి (మన నేల దాహం మీకు తెలిసిందే) నీళ్లు పిక్కల దాకా దిగిపోయాయి. మాబు సాబ్ భార్య జొహరాబీ వీధి కుళాయి నుంచి బిందెలతో తెచ్చి పోసి, వరదను మళ్లీ మోకాటి దాకా లేపింది. అప్పటి నుంచి రోజూ అదే పని.

పక్కింటి బసవన్న గడపలో నిలబడి చూశాడు. "ఏమప్పా మాబూ, వరదను మేపుతాండావా? పాలెప్పుడిస్తాదంట?"

"జీపొచ్చినాక ఇస్తాదన్నా."

మాఘం వచ్చేసరికి తాలూకాను కరువు ప్రాంతంగా ప్రకటించారు. కుళాయి దగ్గర ఇంటికి రెండు బిందెలే. జొహరాబీ ఒకటి తాగడానికి, ఒకటి వరదకి కేటాయించింది. ఇంతలో కరువు నిర్ధారణ అధికారి రానే వచ్చాడు. (ముంపు అధికారి కూర్చునే గదే, పక్క బల్ల.) కరువు కూలిపనికి చీటీ రాయబోయి గుంత చూసి ఆగిపోయాడు.

"నట్టింట్లో ఇన్ని నీళ్లు పెట్టుకోని కరువంటే ఎట్లప్పా?"

రేపు పొద్దున మళ్లీ వస్తానని, అప్పటికి గుంత ఎండి ఉంటేనే చీటీ అని చెప్పాడు. వెనకే జయన్న వచ్చి శుభవార్త చెప్పాడు: ముంపు అధికారి కూడా రేపే, అదే జీపులో. (సేటుకి గోదాము కింద వరద, కౌతాళం పొలాల కింద కరువు, రెండూ ఒకే కాగితం మీద మంజూరయ్యాయట.)

గుంతలో నీళ్లు మోకాటికి ఒక్క బిందె తక్కువగా ఉన్నాయి. జొహరాబీ బిందె పట్టుకుని జయన్నను అడిగింది.

"ఇంట్లో తాగేకి ఇదొక్కటే ఉండాదన్నా. నువ్వే సెప్పు, యాడ పొయ్యాల?"

తాగే నీళ్లు తన ఫైలు కిందికి రావని జయన్న చెప్పి వెళ్లిపోయాడు.

బిందె ఇప్పుడు మీ చేతిలో ఉందనుకోండి. పోస్తారా, తోడతారా, తాగుతారా?