మంత్రిగారి చర్మానికి పసితనం

మన మంత్రి రాఘవేందర్ గారు రాష్ట్రం కోసం తమ చర్మాన్ని సైతం ఇచ్చేశారు. మోచేతి దగ్గర, శనగబద్దంత. తొండుపల్లిలో కొత్త ల్యాబ్ ప్రారంభోత్సవం నాటికి ఆ చర్మకణాలనే మూలకణాలుగా మార్చి చూపిస్తామని ప్రకటన వచ్చింది.

పసిపిల్లలకు పాలు పట్టినట్టు వాటికి రోజూ మందునీళ్లు మార్చే పని మా అమ్మాయి కవితది. కాంట్రాక్టు ఉద్యోగం. కణాల్లోకి నాలుగు జన్యువులు పంపితే అవి తాము చర్మమన్న సంగతే మరిచిపోయి పసికణాలవుతాయట. ఆపైన గుండెగానైనా, మెదడుగానైనా పెంచుకోవచ్చట. వాటికేమైనా అయితే పిల్ల ఉద్యోగం పోతుందని నాకు నెల రోజులుగా అన్నం దిగలేదు. ప్రారంభం రోజు తోడు వెళ్లాను.

రాహుకాలం ముగిసేదాకా మంత్రిగారు ఎయిర్‌పోర్టు రోడ్డు మీదే కారు ఆపుకున్నారు. ఎంత నిష్ఠ! ఈలోగా కార్యకర్త కొండల్ కణాలున్న గాజుగిన్నె మూత తీశాడు.

"ఏం చేస్తున్నవన్నా?" కవిత కేక పెట్టింది.

"పూజ చెల్లె. కొత్త బండికి చెయ్యమా? గిట్లనే."

పసుపు చల్లి హారతి తిప్పుతుంటే, మండుతున్న కర్పూరం బిళ్ల గిన్నెలో పడింది. కొండల్ కళ్లకద్దుకున్నాడు.

"అన్నీ చచ్చినయమ్మా," అంది కవిత.

"నోరు తెరువకు బిడ్డా. ఏమడిగినా అవును సార్ అను."

మంత్రిగారు వచ్చారు. "తోలునన్న సంగతి మరువనీకి దానికెన్ని రోజులు పట్టింది?"

"మూడు వారాలు సార్."

"గన్ని రోజులా? పార్టీ మారినప్పుడు నాకు ఒక్క పూట పట్టింది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. "బంగారం లెక్క మెరుస్తున్నయ్! నావేనా అమ్మా?"

కవిత చెయ్యి గిల్లాను. అయినా దానికి అబద్ధం రాదు. నా పెంపకంలో లోపం.

"మీవి చచ్చిపోయినయ్ సార్. అది పసుపు."

ఉద్యోగం పోవడం, పోలీసులు రావడం, జామీనుకు ఎవరి కాళ్లు పట్టుకోవాలో కూడా ఆలోచించేశాను.

మంత్రిగారు విలేకరుల వైపు తిరిగారు. "విన్నరా? నిన్నటిదాంక నా తోలు, ఇయ్యాల పసుపయింది! ఏ దేశంలనన్న అయిందా? గీ బిడ్డ నౌకరీ పర్మినెంట్ చెయ్యిండ్రి!"

ఆర్డరు అక్కడికక్కడే చేతికొచ్చింది. ఇంటికొచ్చి రెండుసార్లు చదివాను. మళ్లీ అన్నం దిగడం లేదు. అడుగున టార్గెట్ రాశారు: వచ్చే నెలాఖరుకల్లా మిర్చి.