తప్పుల రిజిస్టరు

ఒక పెద్ద అడవిలో, దాదాపు అందరికీ నాలుగేసి కాళ్లున్నా, మోటారు బండి తయారుచేసే కంపెనీ ఒకటి పెట్టారు. సింహం యజమాని, నక్క మేనేజరు. బండిని నడిపించే సాఫ్ట్‌వేర్ రాసేది వడ్రంగిపిట్ట. దాన్ని పరీక్షించి తప్పులు పట్టేది చారలమ్మ అనే ఉడుత. పట్టిన తప్పునల్లా, చెప్పినవాళ్ల పేరుతో సహా, తాబేలు గుమాస్తా రిజిస్టరులో ఎక్కించేవాడు.

చారలమ్మ పనిమంతురాలు. నలభై ఒక్క తప్పులు పట్టింది. అందులో చివరిది భయంకరమైనది. ఒక్కోసారి బండి ఉన్నట్టుండి వెనక్కి పరుగెత్తేది. ఎండలో నడిపి చూసింది, వానలో నడిపి చూసింది, ఒక్కొక్క మీటా విడివిడిగా నొక్కి చూసింది. వారం తిరిగేసరికి దొరికింది. వానలో వైపర్లు ఆడుతుండగా ఎడమ ఇండికేటరు వేస్తే చాలు, బండి రివర్సులోకి పోతోంది.

వెళ్లి వడ్రంగిపిట్టకి చెప్పింది.

"నా దగ్గర బాగానే నడుస్తోందమ్మా" అన్నాడు వడ్రంగిపిట్ట. నడవక ఏం చేస్తుంది, ఆయన పరీక్షించేది చెట్టు తొర్రలో. అక్కడ వాన పడదు.

ఇంతలో ప్రారంభోత్సవం ముంచుకొచ్చింది. అంత పొడుగు జాబితా చూస్తే సింహం తనని నమిలేస్తుందని నక్కకి గుండెదడ. ఆలోచించి ఒక రూలు తెచ్చింది. తప్పు కనబడకముందు బండి బాగానే ఉంది, కనబడ్డాకే చెడింది. కాబట్టి ఎవరు ముందు చెబితే తప్పు వాళ్లదే. రిజిస్టరులో ఎవరి పేరు మిగిలితే వాళ్లు ఇంటికే. సింహం చదవకుండానే సంతకం పెట్టింది.

నక్క ఉడుతని పిలిచి, పిల్లలు గలదానివి, నీ తప్పులన్నీ వెనక్కి తీసుకో అంది. చారలమ్మకి ఏడుపొచ్చింది. నలభై కొట్టేయించి, "ఆ ఎడమ ఇండికేటరు ఒక్కటీ ఉంచండి సార్, ప్రాణాలు పోతాయి" అని బతిమాలింది. నక్క కలం లాక్కుని దాన్ని తనే కొట్టేసింది.

ఖాళీ రిజిస్టరు చూసి సింహం మురిసిపోయింది. మొదటి షికారుకి బండి నేనే నడుపుతా, మేనేజరు నా పక్కనే కూర్చోవాలంది. నక్క కూర్చుంది. వాన మొదలైంది. వైపర్లు ఆడసాగాయి.

"కుడివైపు పోనివ్వండి ప్రభూ, అటు పూలు బాగుంటాయి" అంది నక్క. మలుపు మలుపుకీ అదే మాట. కుడి, కుడి, కుడి, మళ్లీ కుడి. బండి బయల్దేరిన చోటికే వచ్చింది. ఏదో విన్యాసమనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఇంకో చుట్టు తిరిగారు, ఇంకోసారి చప్పట్లు. మూడో చుట్టుకి సింహానికి ఆకలేసింది. గుహ ఎడమవైపుందంటూ ఇండికేటరు నొక్కింది.

బండి రివ్వున వెనక్కి లేచింది. షామియానా, పూలదండలు, ఎలుగుబంటి తలమీది లడ్డూల పళ్లెం, సన్నాయి ఊదుతున్న కొంగ, అన్నీ బండితోపాటే బయల్దేరాయి.

"ఎడమ ఇండికేటరు ఆపండి ప్రభూ, తప్పు అందులోనే ఉంది" అని నక్క గావుకేక పెట్టింది.

చెరువు బురదలో బండి ఆగింది. తాబేలు గుమాస్తా తాపీగా ఈదుకుంటూ వచ్చాడు. ఖాళీ రిజిస్టరు తెరిచి, ముందు చెప్పిందెవరని అడిగి, నక్క పేరు గుండ్రంగా రాసుకున్నాడు. నక్క ఆ పూటే ఇంటికి పోయింది.

తప్పు ఎక్కడుందో చూడమని సింహం చారలమ్మని పిలిచింది. ఆమె తిన్నగా సాఫ్ట్‌వేర్‌లో ఆరువందల పన్నెండో వరుస మీద వేలు పెట్టింది. వైపరు నంబరూ ఎడమ ఇండికేటరు నంబరూ కలిపితే ఎంతో, వడ్రంగిపిట్ట రివర్సుకీ అదే నంబరు ఇచ్చాడు. సరిచేయడం అరనిమిషం పని. సింహం పొంగిపోయి అక్కడికక్కడే ఆమెని మేనేజరుని చేసింది.

"బండిలో ఇంకేమైనా తప్పులున్నాయా తల్లీ?" అని అడిగింది.

నలభై ఉన్నాయి. చారలమ్మ తలెత్తి చూసింది. తాబేలు కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏమీ లేవు ప్రభూ" అని, తను మాత్రం ఇంటికి నడిచే వెళ్లింది.

నీతి: తప్పుల్లేని బండి కావాలంటే మంచి మెకానిక్కు అక్కర్లేదు, మంచి గుమాస్తా చాలు.