పెట్టె ఉన్నవాడే పార్టీ

1953 ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు ఉప్పుగూడ స్టేషన్ వెనక బస్తీలో ప్రజాస్వామ్యం మొదలైంది. అంతకుముందు అక్కడ నీళ్ల కరువు ఒక్కటే ఉండేది.

నీళ్ల ఆఫీసు బస్తీకి ఒక నల్లా మంజూరు చేసింది. దాన్ని ఎక్కడ పాతాలో బస్తీ ప్రతినిధి నెలాఖరులోగా చూపాలి. చూపకపోతే నల్లా ఇంకో బస్తీకి పోతుంది. బస్తీలో మనుషులున్నారు, బర్రెలున్నాయి. ప్రతినిధి లేడు.

కొమురమ్మకు మూడు బర్రెలు. వాటికి నీళ్లు పట్టాల అవతలి బావి నుంచి నెత్తిమీద మోస్తుంది. ఆ ఎండాకాలం ఆమె నడుము పట్టేసింది. నల్లా రాకపోతే ఒక బర్రెను అమ్మక తప్పదని అనుకుంది. ఏ బర్రెనో కూడా అనుకుంది. ఆ రోజు నుంచి దాని ముఖం చూడడం మానేసింది.

సర్కారు దఫ్తర్‌లో గుమాస్తాగా చేసి రిటైరైన విఠల్‌రావు, ఎన్నిక లేని ప్రతినిధి చెల్లడని ప్రకటించాడు. ఎన్నిక ఎట్లా ఉంటుందో కిందటేడు బస్తీ అంతా చూసింది. బడిలో ఒక గది. గదిలో వరుసగా పెట్టెలు. పార్టీకొక పెట్టె, పెట్టె మీద గుర్తు. నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. దీన్నిబట్టి బస్తీ ఒక సూత్రం కనిపెట్టింది: పెట్టె ఉన్నవాడే పార్టీ. (రాజ్యాంగంలో ఈ మాట లేదని విఠల్‌రావు అన్నాడు. కాదని మాత్రం ఎక్కడుందని తవుడు దుకాణం బాలనర్సింహ అడిగాడు.)

ఆ ఆదివారం పెట్టె ఉన్న ప్రతి ఇల్లూ పెట్టె తెచ్చింది. బాలనర్సింహ తవుడు పోసే చెక్కపెట్టె తెచ్చాడు. దర్జీ ఆగయ్య ఇనప ట్రంకు తెచ్చాడు. మిగతావాళ్లు గ్యాస్‌నూనె డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, ఒకరు పాన్‌దాన్ తెచ్చారు. మొత్తం పద్దెనిమిది పార్టీలు.

కొమురమ్మ ఇంట్లో ఉన్నది పాల క్యాను ఒక్కటే. చీటీ పట్టేటట్టు దాని మూతకు బెజ్జం కొట్టాలని విఠల్‌రావు చెప్పాడు.

"మూతకు బొక్క కొడితే పాలు ఇండ్లకెట్ల పోవాలె బాపూ?" అన్నది కొమురమ్మ. "పార్టీ వద్దు. నల్లా ఏ పెట్టెల ఉన్నదో చెప్పు, దాంట్లనే ఏస్త."

మా పెట్టెలోనే అని పద్దెనిమిది పార్టీలూ చెప్పాయి. పాలు పిండే వేళ అయిందని ఆమె ఇంటికి పోయింది.

లెక్కపెడితే ఎవరింటి చీటీలు వాళ్ల డబ్బాలోనే ఉన్నాయి. ముగ్గురు కోడళ్లున్న బాలనర్సింహది అతిపెద్ద పార్టీ అయింది. అయినా మెజారిటీ రాలేదు కాబట్టి అన్ని పార్టీలూ కలిసి సర్కారు ఏర్పరిచాయి, అందరికీ శాఖలు ఇచ్చాయి. నల్లా శాఖ, గొట్టం శాఖ, బిందెల శాఖ, మోరీ శాఖ, వరుస శాఖ. (నల్లా ఇంకా రాలేదు గనక శాఖలన్నీ సజావుగా నడిచాయి.) నల్లా ఎవరి గుమ్మం ముందు పాతాలన్న ప్రశ్న మీద బుధవారం బిందెల శాఖ మద్దతు ఉపసంహరించుకుంది. సర్కారు పడిపోయింది. గురువారం మళ్లీ నిలబడింది. శనివారం గొట్టం శాఖ అలిగింది.

పెట్టెలు ఎక్కువైనందువల్లే ఈ లొల్లి అని విఠల్‌రావు తేల్చాడు. ఇంగ్లండులో రెండే పార్టీలని, ఒకటి అవునంటే రెండోది కాదంటుందని, అందుకే అక్కడ అన్ని పనులూ అవుతాయని చదివి వినిపించాడు. బస్తీ ఒప్పుకుంది. చిన్న డబ్బాలను పెద్ద పెట్టెల్లో పెట్టారు. (విలీనం అంటే ఇదే.) చివరికి రెండు మిగిలాయి: తవుడు పార్టీ, ట్రంకు పార్టీ.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. రెండు పార్టీలకూ నల్లా కావాలి. ఇది నియమాలకు విరుద్ధమని విఠల్‌రావు బొమ్మా బొరుసూ వేశాడు. నల్లా వద్దనే బాధ్యత ట్రంకు పార్టీకి పడింది.

ఆ రాత్రి ఆగయ్య భార్య నీలమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"నల్లా వద్దన్నవట. మరి బాయి కాడికి ఎవరు పోవాలె?"

"నువ్వే. ఎప్పుడు పోతలేవా?"

"పోతున్న. నల్లా వస్తదని పోతున్న."

"రేపటి సంది నల్లా వద్దని పోవాలె. గంతే ఫరక్."

నీలమ్మ ఆయనకు కూర వేయలేదు.

నెలాఖరు రోజున నీళ్ల ఆఫీసు ఫిట్టర్ మొగులయ్య గొట్టం, నల్లా బండిమీద వేసుకుని వచ్చాడు. ఆయన్ను స్వాగతించడానికి తవుడు పార్టీ ఊరేగింపుగా పెద్ద సడక్ మీదికి పోయింది. అడ్డుకోవడానికి ట్రంకు పార్టీ ఊరేగింపుగా స్టేషన్‌కు పోయింది. ఆయన మూడో దారిన వచ్చాడు. బస్తీలో ఎవరూ కనబడక, ఎండకు ఓర్వలేక కొమురమ్మ కొట్టం నీడకు చేరాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది.

"బస్తీకి ప్రతినిధి ఎవరవ్వా?"

"ఊరేగింపుల ఉన్నడు."

"ఎప్పుడొస్తడు?"

"రెండు ఊరేగింపులు పోయినయి బిడ్డా. నీకు ఏది గావాలె?"

మొగులయ్య ఇంకో గ్లాసు సల్ల అడిగాడు. అది తాగి, ఇక్కడ నీళ్లు ఎవరికి కావాలని అడిగాడు. కొమురమ్మ బర్రెలను చూపింది. ఆయన బండివాడితో కొట్టం ముందు తవ్వించి నల్లా పాతాడు. ప్రతినిధి అన్నచోట ఆమె వేలిముద్ర తీసుకుని పోయాడు.

పొద్దుగూకే వేళకు రెండు ఊరేగింపులూ తిరిగి వచ్చాయి. నల్లా తమ సాధన అని తవుడు పార్టీ ప్రకటించింది. తాము అడ్డం పడకుంటే అది బాలనర్సింహ దుకాణం ముందు పడేదని ట్రంకు పార్టీ ప్రకటించింది. (రెండోది నిజం.) రెండూ విడివిడిగా కొబ్బరికాయలు కొట్టాయి. తర్వాత కలిసి కూచుని, బస్తీ చరిత్రలో తొలిసారి ఏకగ్రీవంగా ఒక నిబంధన చేశాయి. నల్లా దగ్గర రెండు వరుసలుండాలి. ఒకటి అధికార పక్షమైన తవుడు పార్టీది, ఒకటి ప్రతిపక్షమైన ట్రంకు పార్టీది. ఒక బిందె ఇటు, ఒక బిందె అటు.

కొమురమ్మ లేచింది.

"నేనెటు నిలబడాలె బాపూ?"

విఠల్‌రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏ పార్టీలోనూ లేనివారు రెండు వరుసలూ అయిపోయినంక పట్టుకోవచ్చన్నాడు.

"నా కొట్టం ముంగట ఉన్నది గద."

"కొట్టం నీదే కొమురమ్మా. నల్లా ప్రజలది."

"ప్రజలల్ల నేను లేనా?"

ఇది ఆలోచించవలసిన విషయమని, వచ్చే సభలో పెడతానని ఆయన అన్నాడు. పెట్టాడు. రెండు పార్టీలూ వాయిదా కోరాయి.

మే ఒకటిన పొద్దున నల్లాలో నీళ్లు వచ్చాయి. బంద్ అయ్యేసరికి కొమురమ్మ ముందు ఇంకా ఇద్దరున్నారు, అటొకరు, ఇటొకరు. ఆ వారమంతా అట్లాగే జరిగింది. పై ఆదివారం ఆమె ఆ బర్రెను అమ్మింది. కొన్నది బాలనర్సింహ. దానికి నీళ్లు ఇప్పుడు అధికార పక్షం వరుసలో పడుతున్నారు.