తాతలు దిగే రైలు

గుంటూరులో ఎవరైనా తమ జర్మన్ పూర్వీకుణ్ణి కాగితాల్లో కనిపెడితే, మర్నాడు పొద్దున ఆయన ట్రంకుపెట్టెతో సహా రైలు దిగుతాడు. ఇందులో వింతేమీ లేదు. వెనకటి రోజుల్లో క్రైస్తవ మిషన్ పనుల మీద వచ్చిన జర్మన్లు కొందరు ఇక్కడి అమ్మాయిలను పెళ్ళాడి ఇక్కడి మట్టిలోనే కలిశారు. వాళ్ళ సంతానానికి తాతలు కావాలి, రైల్వేవారికి ప్రయాణికులు కావాలి. స్టేషన్లో దీనికి విడిగా ఒక కౌంటరు ఉంది. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు.

వెతకడం నేర్పేందుకు బ్రాడీపేటలో క్లాసులున్నాయి. హెలెన్ సుహాసిని అందులో చేరింది వాళ్ళమ్మ కోసం. అమ్మను చిన్నప్పట్నించీ పెంచింది వాళ్ళ అమ్మమ్మ. ఆ అమ్మమ్మ యోహాన్ అనే జర్మన్ వడ్రంగిని చేసుకుంది. డెబ్బై దాటిన అమ్మకు ఇప్పుడు మిగిలిన కోరిక ఒక్కటే.

"మా అమ్మమ్మ ఒక్కసారి వస్తే చాలే. ఆమె కాళ్ళ కాడ కూర్చోని తలకి నూనె రాయించుకుంటా. ఇంకేం అడగను."

"అమ్మమ్మ కావాలంటే ముందు తాతని పట్టుకోవాల" అన్నారు క్లాసు చెప్పే ఏసుపాదం మాస్టారు. "ఊరు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు, జిల్లా కూడా రాయాల. రత్నపాల్ గారిని చూడండి."

వెనక బెంచీలో ఉన్న రత్నపాల్ తల దించుకున్నాడు. ఆయన ఫారంలో నాయ్‌స్టాట్ అని మాత్రం రాసి ఊరుకున్నాడు. ఆ పేరుగల ఊళ్ళు జర్మనీలో బోలెడు. ఎవరి తాతో దిగాడు. తిరిగి పంపే కౌంటరు ఇంకా తెరవలేదు కనక, ఆ తాతే ఇప్పుడు రత్నపాల్ పిల్లలను స్కూటరు మీద ట్యూషన్‌కు దింపుతున్నాడు. పిల్లలకు సొంత తాతకన్నా ఈయనే నచ్చాడు.

పాత జర్మన్ చేతిరాత ఆరబెట్టిన సేమియాలా ఉంటుంది. సుహాసిని పట్టు వదలకుండా నేర్చుకుంది. యోహాన్ బాప్తిస్మం తారీఖు దొరికిన మర్నాడే ఆయన రంపం భుజాన వేసుకుని దిగాడు. అమ్మ ఆయన్ని చూసి చిన్నపిల్లయిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ప్రతి బాప్తిస్మం పక్కనా తండ్రి పేరుంటుంది, ఆ తండ్రికీ ఒక తండ్రి ఉంటాడు. సుహాసినికి చెయ్యి ఆగలేదు. పిండిమర నడిపేవాడు దిగాడు, చెప్పులు కుట్టేవాడు దిగాడు, పటాలం నుంచి పారిపోయినవాడు మారుపేరుతో దిగాడు. సీలింగు ఫ్యాను తిరుగుతుంటే అందరూ మంచాల కింద దూరారు. ఒక తండ్రీ కొడుకూ పంది పంపకం దగ్గర తెగిన మాటలను వందల ఏళ్ళ తరవాత గోంగూర పచ్చడి దగ్గర కలుపుకున్నారు. ఇల్లంతా తిరనాళ్ళలా ఉంది. వండుతున్నది అమ్మే.

అమ్మమ్మ మాత్రం దిగలేదు. పెళ్ళి రిజిస్టరులో యోహాన్ పేరు పక్కన 'ఈ ఊరి స్త్రీ' అని ఉంది, అంతే.

"పేరు లేకుండా బెర్తు ఎట్టా ఇస్తామండీ" అన్నాడు కౌంటరు గుమాస్తా.

అమ్మ యోహాన్ను అడిగింది. "తాతా, అమ్మమ్మ పేరేంది?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ఏమే అనేవాణ్ణమ్మా. ఇక్కడ పెళ్ళాన్ని అట్టాగే పిలుస్తారుగా. నేనూ అదే నేర్చుకున్నా."

"నేనూ అమ్మమ్మా అనే పిలిచా" అంది అమ్మ. వీధిలోవాళ్ళు ఆమెను వదినగారూ అన్నారు, చర్చిలో వడ్రంగిగారి భార్య అన్నారు. అమ్మ ఆ రోజు వంటింట్లో కూర్చుని కుళ్ళికుళ్ళి ఏడ్చింది. అయినా సాయంత్రానికి అందరికీ ఉప్మా చేసింది.

వారం తిరక్కుండా ఇంట్లో మనుషులను రాసుకోవడానికి మునిసిపాలిటీ గుమాస్తా వచ్చాడు. తాతలు వరసగా నిలబడి పేరు, పుట్టిన ఊరు, జిల్లా, బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారి పేరు గడగడా అప్పజెప్పారు. ఇంత తేలికైన ఇల్లు తన సర్వీసులో చూడలేదని గుమాస్తా మెచ్చుకున్నాడు. అంతలో అమ్మ కాఫీ గ్లాసులతో బయటికి వచ్చింది.

"ఈమె ఎవరండీ?"

"అమ్మ" అన్నారు తాతలందరూ ఒక్కసారే. సుహాసిని కూడా వాళ్ళతో గొంతు కలిపింది.

గుమాస్తా రాసుకున్నాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితం వంక చూసింది.

"రేపెప్పుడన్నా నాకోసం ఎవరన్నా వెతికితే, దీని మీద నాకు బెర్తు ఇస్తారా బాబూ?"

"ఇయ్యరండీ. ఈ పేరుతో చానామంది ఉంటారు."

"సరేలే" అని అమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళింది.

సుహాసిని కాగితంలో ఆ మాట మీద వేలు పెట్టింది. దిద్దించాలంటే ఎట్లాగని అడిగింది. ఆఫీసుకు వచ్చి అర్జీ పెట్టుకోవాలన్నాడు గుమాస్తా. ఎండ మండిపోతోంది, రేపు చూద్దాంలే అనుకుందామె. యోహాన్ అప్పుడే ఖాళీ చేసిన గ్లాసు కింద పెట్టడం కనిపించి వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, తాతలకి ఇంకోసారి కాఫీ పెట్టు."