ఊటీ పరుగుకు తగిన జాకెట్

మానవజాతి చలిని నిప్పుతో జయించిందని పుస్తకాల్లో ఉంది. తమిళనాడు ధర్మపురిలో ఆ పనిని ఒక సంఘానికి అప్పగించారు.

2006 చివర్లో సంగతి. పక్కనున్న వెల్లిచందై ఊరి రైతుబిడ్డ కీర్తిక జనవరిలో ఊటీలో జరిగే పెద్ద పరుగు పందేనికి ఎంపికైంది. మొదటి ముగ్గురిలో నిలిస్తే చెన్నైలో కాలేజీ సీటు, హాస్టలు ఉచితం. లేకపోతే ఇంటి టమోటా తోట ఎటూ ఉంది. పిల్లకు కాళ్లున్నాయి, ఊపిరి ఉంది; ఊటీ గాలికి ఆగే జాకెట్ ఒక్కటే లేదు. అది మేం కొనిస్తామని పట్టణంలోని వర్తకుల క్రీడా ప్రోత్సాహక సంఘం ముందుకొచ్చింది. (సంఘం పెట్టి చాలా కాలమైంది. ప్రోత్సహించడానికే ఎవరూ దొరకలేదు.)

అధ్యక్షుడు జౌళి కొట్టు దొరసామి. కార్యదర్శి విశ్వనాథన్, రిటైరైన గుమాస్తా. మూడో సభ్యురాలు నూనె అంగడి కాంతామణి. ముగ్గురిలో ఎవరూ ఈ మధ్య బస్సు కోసం కూడా పరుగెత్తిన పాపాన పోలేదు కాబట్టి, ఎంపికలో పక్షపాతానికి తావే లేదు.

"పల్చగా ఉంటే చాలు సార్. గాలి దూరకూడదు, అంతే. పరుగెత్తితే ఒళ్లు దానంతట అదే కాగుతాది" అంది కీర్తిక.

"అది లబ్ధిదారు మాట పాపా. లబ్ధిదారు మాట విని కొన్నామంటే రేపు ఎవరైనా వేలు చూపిస్తారు" అన్నాడు విశ్వనాథన్. "ముందు చలి అంటే ఏమని తేల్చాల."

తేల్చారు. అధ్యక్షుడు మంకీ క్యాప్ పెట్టుకునే పరిస్థితినే చలిగా పరిగణించాలని తీర్మానించారు. (చర్చ తెలుగులో జరిగింది. తెలుగు రాయడం ఎవరికీ రాదు గనుక తీర్మానం తమిళంలో రాశారు.) దొరసామి దీపావళి నుంచి క్యాప్ తీయలేదు. కాబట్టి చలి అప్పటికే అమల్లో ఉన్నట్టు లెక్క.

తరువాత పరీక్ష. దొరసామి కొట్టులో పట్టుచీరల విభాగానికి ఏసీ ఉంది. సభ్యులు తలా ఒక జాకెట్ తొడుక్కుని అక్కడ పరుపుల మీద కూర్చున్నారు. విశ్వనాథన్‌కు కాసేపట్లో గురక వచ్చింది. ఆయన ఒంటి మీదున్న జాకెట్‌ను ఏకగ్రీవంగా ఎంపిక చేశారు. అది తొప్పూరు ఘాట్ రోడ్డు మీద బుల్లెట్ బండి నడిపేవాళ్ల కోసం కుట్టింది.

"ఒకసారి వేసుకొని పరుగెత్తి చూస్తాను సార్" అని అడిగింది కీర్తిక.

"మడత పోతాదమ్మా. పందానికి కొత్తది మాదిరి ఉండొద్దా?" అంది కాంతామణి. ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దది తీయించింది కూడా ఆవిడే. వీపు మీద ముగ్గురి పేర్లూ జరీదారంతో కుట్టించారు.

ఇంట్లో అవ్వ మారమ్మకు మొదటి నుంచీ అయోమయమే. "జాకెట్టు కొనేదానికి ముగ్గురు కూర్చోవాలనా? మన టైలరు ఒక పూటలో కుట్టిస్తాడే!" అంది. తీరా చూశాక, "ఇది జాకెట్టా, పరుపా?" అని అడిగింది. కీర్తిక నవ్వింది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇచ్చిన పెద్దవాళ్లను కాదంటే మర్యాద కాదు; వేసుకుంటే సీటు రాదు.

మర్యాదే గెలిచింది. ఊటీలో అది వేసుకునే పరుగు మొదలుపెట్టింది.

మొదటి ఎత్తు ఎక్కేసరికి జాకెట్ లోపల ఎండాకాలం వచ్చింది. చెమట కారి దారం తడిసి, ముగ్గురి బరువూ వీపున పడ్డట్టయింది. తన ముందు ఇద్దరే ఉండాల్సిన చోట గుంపు కనబడుతోంది. జిప్పు లాగితే రాలేదు. ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికీ ఊపిరే కావాలి. ఇక ఆలోచించలేదు. బియ్యం మూట విప్పినట్టు తల మీదుగా పెరికి, పక్కనున్న తేయాకు పొద మీద పడేసింది. చల్లగాలి చెంపలకు కొట్టింది. జన్మలో అంత హాయి ఎరగదు. గుంపును దాటింది. మూడోదానిగా గీత దాటింది.

సీటు వచ్చింది. విచారణా వచ్చింది.

"పందెం ఫోటోలో మా పేర్లు యాడ పాపా?" అన్నాడు దొరసామి.

"తేయాకు పొద మీద ఉండాయి సార్."

"మంచులో పడేసి వస్తివే! దానికి చలి తగలదా?" అన్నాడు విశ్వనాథన్, నిజంగానే బాధపడి.

సభ్యులు కుటుంబాలతో సహా వ్యానులో ఊటీ వెళ్లి, నాలుగు రోజులు ఉండి, జాకెట్‌ను క్షేమంగా తెచ్చారు. మళ్లీ ఇలాంటి నష్టం జరగకుండా పద్ధతి మార్చారు: ఇకపై మనిషికి జాకెట్ వెతకరు, జాకెట్‌కు మనిషిని వెతుకుతారు. కొలతలు తీయగా దొరసామి అల్లుడికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మరుసటి ఏటి క్రీడాకారుడిగా అతన్నే ఊటీ పంపారు. పందెం రోజు అతను జాకెట్ వేసుకుని హోటల్లోనే కూర్చున్నాడు. చలి మాత్రం అసలు తెలియలేదట.